విన్నీ హార్లో: ఫ్యాషన్ ఒప్పుకున్నది ఎంత, ఒప్పుకోనిది ఎంత

2018 నవంబరులో న్యూయార్క్‌లో విక్టోరియాస్ సీక్రెట్ ఫ్యాషన్ షో జరిగింది. లోదుస్తుల కంపెనీ ఏటా జరిపే ఆ షోకి అప్పట్లో ఉన్న హడావిడి అంతా ఇంతా కాదు. ఆ ఏడాది ర్యాంప్ మీద నడిచినవాళ్లలో విన్నీ హార్లో ఒకరు. నల్లజాతి అమ్మాయి. కళ్ల చుట్టూ, నోటి చుట్టూ, చేతుల మీద, మోకాళ్ల మీద పాలలాంటి తెల్ల మచ్చలు. మనం బొల్లి అంటాం, డాక్టర్లు విటిలిగో అంటారు. బొల్లి ఉన్న మోడల్ ఆ షోలో నడవడం అదే మొదటిసారి. ఇక అందం అన్నమాటకే అర్థం మారిపోయిందని చాలామంది మురిసిపోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ కంపెనీ మార్కెటింగ్ అధిపతి ఎడ్ రేజెక్ వోగ్ పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చాడు. ట్రాన్స్‌జెండర్ మోడళ్లను ఎందుకు తీసుకోరు అంటే, ఈ షో ఒక ఊహాలోకం, అందులో వాళ్లు ఎందుకు అన్నట్టు జవాబు చెప్పాడు. లావుగా ఉండే మోడళ్ల విషయంలోనూ అదే ధోరణి. పెద్ద గొడవ అయింది. ట్రాన్స్ మోడళ్ల గురించి అన్న మాటకు క్షమాపణ చెప్పాడు, మరుసటి ఏడాది ఆగస్టులో కంపెనీ నుంచి తప్పుకున్నాడు. 2019లో షో కూడా రద్దయింది.

విన్నీ గురించి రాసేవాళ్లు మొదటి సంగతి రాసి రెండోది వదిలేస్తుంటారు. నాకు మాత్రం ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే విషయం తెలుస్తుందనిపిస్తుంది. తెల్ల మచ్చలున్న అమ్మాయిని రమ్మన్న వేదికే లావుగా ఉన్న అమ్మాయిని వద్దంది. విన్నీ పొడుగరి, సన్నగా ఉంటుంది, చెంప ఎముకలు చెక్కినట్టుంటాయి. మోడల్‌కి ఉండాలని ఆ రంగం పెట్టుకున్న కొలతల్లో ఒక్కటి తప్ప అన్నీ ఆమెకు ఉన్నాయి. ఆ ఒక్కటీ ఏమిటంటే, ఒళ్లంతా ఒకే రంగు.

ఈ ఒక్కటి ఎంత గట్టిదో తెలియాలంటే ముందు జబ్బు సంగతి చూడాలి.

మన చర్మానికి రంగు ఇచ్చేది మెలనిన్. దాన్ని తయారు చేసేవి మెలనోసైట్లు అనే కణాలు. బొల్లిలో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారి తప్పి ఆ కణాల మీద పడుతుంది. వైరస్ సోకిన కణాల్ని చంపాల్సిన టీ కణాలు మెలనోసైట్లను శత్రువులనుకుని చంపేస్తాయి. అవి పోయిన చోట చర్మం తెల్లబడుతుంది. అంతే. స్పర్శ పోదు, నొప్పి ఉండదు, తాకితే అంటుకోదు. కొందరికి థైరాయిడ్ సమస్య తోడుగా ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష చేయించమంటారు.

చేపల కూర తిని పాలు తాగితే వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా ఉంది. దానికి ఆధారం లేదు. కొందరు దీన్ని శ్వేతకుష్ఠు అంటారు, దాంతో కుష్ఠువ్యాధి తాలూకు భయమంతా తెచ్చి దీని నెత్తిన రుద్దుతున్నారు. కుష్ఠు ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది, ఆ మచ్చ పాలిపోయినట్టు ఉంటుందే తప్ప ఇంత తెల్లగా ఉండదు, అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

ప్రపంచ జనాభాలో అర శాతం నుంచి రెండు శాతం మందికి బొల్లి ఉంటుందని అంచనా. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 8.46 కోట్లు. అర శాతం చొప్పున వేసినా 4 లక్షల మంది పైనే అవుతారు. ఇంతమంది ఎక్కడున్నారు, మనకు కనపడరేం అంటే, ఫుల్ హ్యాండ్స్ చొక్కాల్లోనూ, చున్నీల కిందా, ఫౌండేషన్ వెనకా ఉన్నారు.

వంశపారంపర్యమా అన్నది పెళ్లిసంబంధాల దగ్గర మొదట వచ్చే ప్రశ్న. కొంత అవును. కానీ జన్యువులన్నీ ఒకేలా ఉండే కవలల్ని పరిశీలించినప్పుడు ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి కూడా ఉన్నది దాదాపు 23 శాతం జంటల్లోనే. అంటే అచ్చు అదే రక్తం, అదే జన్యువులు ఉన్నా నాలుగింట మూడు వంతులకు పైగా రెండోవారికి రాలేదు. సొంత తోబుట్టువులకు, పిల్లలకు వచ్చే అవకాశం 6-7 శాతం దగ్గర ఉంటుంది. షుగరు, బీపీ ఉన్న కుటుంబాలతో నిక్షేపంగా వియ్యమందుకునేవాళ్లు పెళ్లికూతురి మేనత్తకు మోచేతి మీద మచ్చ ఉందని సంబంధం వదులుకుంటారు. అక్కడ నడుస్తున్నది వైద్యం లెక్క అని నేను అనుకోను.

మచ్చ ఎక్కడ మొదలవుతుందనేదీ ఆసక్తికరమే. ఒరిపిడి తగిలే చోట, గాయం మానిన చోట కొత్త మచ్చలు వస్తాయి. లంగా బొందు బిగించి కట్టే నడుము దగ్గర, చెప్పు పట్టీ కింద, మోచేతుల మీద. మనవాళ్లకు మాత్రమే బాగా తెలిసిన ఇంకో చోటు ఉంది, నుదురు. బొట్టు బిళ్లల వెనక రాసే జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. కొందరిలో అది మెలనోసైట్లను విషంలా చంపుతుంది. ఏళ్ల తరబడి అదే చోట స్టిక్కర్ పెట్టుకున్న ఆడవాళ్లు ఒకరోజు దాన్ని తీసి అద్దంలో చూసుకుంటే బొట్టు ఉండాల్సిన చోట గుండ్రంగా, అచ్చు బిళ్ల సైజులో తెల్ల మచ్చ. మన దేశపు చర్మవైద్యులు దీన్ని ఎన్నోసార్లు నమోదు చేశారు. దాన్ని కప్పడానికి ఇంకాస్త పెద్ద స్టిక్కర్ పెట్టుకోవడం చాలామంది చేసే పని. మచ్చ ఇంకాస్త పెద్దదవుతుంది. స్టిక్కర్ మానేసి కుంకుమకు మారి, స్కిన్ డాక్టరుకు చూపించుకోవడం దీనికి మందు.

రసాయనం వల్ల తెల్లబడటంలో ఇంతకన్నా పెద్ద ఉదంతం 2013లో జపాన్‌లో జరిగింది. కనెబో అనే పెద్ద కాస్మెటిక్స్ కంపెనీ రోడోడెండ్రాల్ అనే పదార్థంతో చర్మం నిగారించే క్రీములు అమ్మింది. నునుపుగా తెల్లబడాల్సిన ముఖాలు మచ్చలు మచ్చలుగా తెల్లబడ్డాయి. వేలమంది బాధితులయ్యారు, క్రీములన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తెలుపు కోసమే డబ్బు పెట్టి కొన్నారు, తెలుపే వచ్చింది. కానీ ఎవరూ సంతోషించలేదు.

మన దగ్గర ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్లోకి వచ్చింది, 2020లో పేరులోంచి ఫెయిర్‌ని తీసేసి గ్లో అని పెట్టుకుంది. మధ్యలో 45 ఏళ్లు తెల్లరంగుంటే ఉద్యోగం వస్తుంది, సంబంధం కుదురుతుంది అని మనకు నూరిపోశారు. అదే తెలుపు నిజంగానే చర్మం మీద, అడగకుండానే, అరచేయంత మేర వచ్చి కూర్చుంటే ఆ అమ్మాయి సంబంధాలన్నీ వెనక్కి పోతాయి. తెల్లరంగు మీద మనకున్న మోజు ఒక్కటే దీన్ని వివరించలేదు. చర్మం ఒకే తీరుగా ఉండాలన్న పట్టుదల అంతకన్నా లోతైనది. ఫౌండేషన్, కన్సీలర్, ఫోన్ కెమెరాలోని బ్యూటీ ఫిల్టర్, పత్రికల్లో ఫొటోలకు చేసే రీటచింగ్, అన్నిటి పనీ ఒకటే: హెచ్చుతగ్గులు లేకుండా చదును చేయడం. తెల్లగా ఉన్నవాళ్లకీ నల్లగా ఉన్నవాళ్లకీ ఇదే సరుకు వేర్వేరు షేడ్లలో అమ్ముతారు.

విన్నీ ఎదురు నిలిచింది దీనికి.

ఆమె అసలు పేరు షాంటెల్ బ్రౌన్-యంగ్. 1994లో కెనడాలోని టొరంటో ప్రాంతంలో, జమైకా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టింది. నాలుగేళ్ల వయసులో మచ్చలు మొదలయ్యాయి. బడిలో జీబ్రా అన్నారు, ఆవు అన్నారు. బళ్లు మారింది, చివరికి హైస్కూలు మధ్యలో మానేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమె ఫొటోలు చూసిన ఒకప్పటి ప్రముఖ మోడల్ టైరా బ్యాంక్స్ 2014లో తన టీవీ షో అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్ పోటీకి పిలిచింది. గెలవలేదు. ఆ షో తన కెరీర్‌కి చేసిందేమీ లేదని తర్వాత ఒక టీవీ కార్యక్రమంలో కుండబద్దలు కొట్టింది. కృతజ్ఞత లేదని జనం తిట్టారు. నాకైతే ఆ మాటలో అబద్ధం కనపడలేదు. పోటీ అయ్యాక ఆమెను ర్యాంప్ ఎక్కించింది వేరేవాళ్లు. 2014 సెప్టెంబరులో లండన్ ఫ్యాషన్ వీక్‌లో ఆశీష్ షోకి ముగింపు మోడల్‌గా నడిచింది. ఆ డిజైనర్ ఆశీష్ గుప్తా మన ఢిల్లీలో పుట్టినవాడే. తర్వాత స్పెయిన్ దుస్తుల బ్రాండ్ దెసిగ్వాల్, ఆపైన డీజిల్ అనే మరో దుస్తుల బ్రాండ్ ప్రకటనలు. 2016లో అమెరికన్ గాయని బియాన్సే వీడియో ఆల్బమ్ లెమొనేడ్‌లో కనిపించింది, అదే ఏడాది బీబీసీ వంద మంది మహిళల జాబితాలో చేరింది.

ఫ్యాషన్ రంగం ఈమెను ఎందుకు ఇంత తొందరగా తీసుకుంది? మంచితనం కొంత ఉండొచ్చు. కానీ ఆమె ముఖం ఒకసారి నిదానంగా చూడండి. ఎడమ కంటి చుట్టూ ఎంత తెలుపో కుడి కంటి చుట్టూ దాదాపు అంతే. నోటి చుట్టూ మచ్చ రెండు వైపులా సమంగా పరుచుకుంది. ఇది ఆమె ఒక్కదాని అదృష్టం కాదు. బొల్లిలో ఎక్కువగా కనిపించే రకం శరీరానికి రెండు వైపులా అద్దంలో ప్రతిబింబంలాగే వస్తుంది. ఒకవైపే వచ్చే రకం వేరే ఉంది, అది తక్కువమందికి వస్తుంది. దానికి తోడు ముదురు రంగు చర్మం మీద తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ఒకసారి చూస్తే మరిచిపోలేని ముఖం. వేల ప్రకటనల మధ్య మన వేలు స్క్రీన్ మీద ఆగడానికి డబ్బు పోసే కంపెనీలకు అది వరం.

అందుకే ఆమెకు దొరికిన చోటు చర్మంలో తేడా ఉన్న అందరికీ దొరకలేదు. 2018 ఫిబ్రవరిలో కవర్‌గర్ల్ మేకప్ కంపెనీ ఎమీ డియానా అనే బొల్లి ఉన్న మోడల్‌తో ప్రకటన చేసింది. 2020లో బొల్లి ఉన్న బార్బీ బొమ్మ వచ్చింది. చిన్నపిల్లల చేతుల్లోకి అలాంటి బొమ్మ వెళ్లడం చిన్న విషయమని నేననను. కానీ సోరియాసిస్ పొలుసులు, ఎగ్జిమా, మొటిమల గుంటలు, కాలిన మచ్చలు, వీటికి ఆ వెలుగు ఎక్కడ? అవి ఫొటోలో డిజైన్‌లా కనపడవు. చూడ్డానికి బాగుండే తేడాని మాత్రమే ఫ్యాషన్ ఏరుకుంటుంది. అప్పుడు దాన్ని తేడా అనకుండా ప్రత్యేకత అంటుంది.

ఒక దశలో కొందరు అభిమానులు తమ ముఖాల మీద విన్నీ మచ్చల్లాగే మేకప్ వేసుకుని ఫొటోలు పెట్టారు. ఎగతాళి అని చాలామంది మండిపడ్డారు. తనకు మాత్రం అది ప్రేమగానే కనిపించిందని ఆమె చెప్పింది.

ఆమెకు నిజంగా కోపం తెప్పించింది వేరొకటి. తనను విటిలిగో బాధితురాలు అని రాయడం. 2018లో ఇన్‌స్టాగ్రామ్‌లో దీని మీద గట్టిగా రాసింది. నేను బాధితురాలిని కాను, విటిలిగో మోడల్‌నీ కాను, నేనొక మోడల్‌ని, నాకు విటిలిగో ఉంది, అంతవరకే అన్నది దాని సారాంశం. మనవాళ్లు రాసే వార్తల్లో కూడా ఈ వరస మామూలే: లోపాన్ని జయించి, బాధను దిగమింగి, ఆత్మవిశ్వాసంతో... చదివేవాడికి జాలి, పొగడ్త రెండూ ఒకేసారి దొరుకుతాయి. ఆ అమ్మాయి పనితనం గురించి ఒక్క ముక్క ఉండదు. నడక ఎలా ఉంది, కెమెరా ముందు ఎలా నిలబడుతుంది అని వేరే మోడల్ గురించైతే రాస్తారు.

ఆ పనిలో ఆమె ఎదుర్కొన్న ఇబ్బంది ఒకటి చెప్పుకోవాలి. మెలనిన్ అంటే ఎండకు మనకున్న గొడుగు. మచ్చ ఉన్నచోట అది లేదు కాబట్టి అక్కడ చర్మం ఇట్టే కాలిపోతుంది. బహామాస్‌లో ఒక షూటింగ్‌లో సన్‌స్క్రీన్ రాసుకుంటే ఫొటోల్లో తెల్లటి పొరలా పడుతోందని మళ్లీ రాసుకోనివ్వలేదని, రోజంతా ఎండలో నిలబడి బాగా కాలిపోయిందని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. మచ్చలు కావాలి కానీ, ఆ మచ్చలకు కావాల్సిన రక్షణ ఫొటోలో కనపడకూడదు. 2022లో ఆమె కే స్కిన్ పేరుతో సొంత సన్‌స్క్రీన్ కంపెనీ పెట్టడానికి మూలం అదే. ముదురు రంగు చర్మం మీద బూడిద పూసినట్టు కనపడని సన్‌స్క్రీన్ కోసం మన దగ్గర కూడా ఎంతమంది వెతుకుతారో తెలిసిందే.

ఆమెకు ముందు తరంలో ఇదే జబ్బుతో ప్రపంచమంతా తెలిసిన మనిషి మైకేల్ జాక్సన్. 1993లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రేకి ఇచ్చిన ఇంటర్వ్యూలో తనకు చర్మపు రంగు పోయే జబ్బు ఉందని చెప్పాడు. చాలామంది నమ్మలేదు, కావాలనే తెల్లబడ్డాడని చెప్పుకున్నారు. 2009లో పోస్ట్‌మార్టం నివేదిక విటిలిగోని ధ్రువీకరించింది. అతను చనిపోయిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ విటిలిగో దినంగా జరుపుతున్నారు. కోట్లమంది చూసే ముఖం మీద మచ్చలు కనపడనివ్వడం అతనికి సాధ్యం కాలేదు. ఒళ్లు చాలావరకు తెల్లబడిపోయిన వాళ్లకు మిగిలిన రంగును కూడా తీసేసే మోనోబెంజోన్ అనే మందు వైద్యంలో ఉంది. దాని పుట్టుక కూడా విచిత్రమే. 1930ల చివర్లో అమెరికాలో తోళ్ల ఫ్యాక్టరీ కార్మికులకు రబ్బరు గ్లవుజులు వేసుకున్నంత మేర చేతులు తెల్లబడ్డాయి. ఆరా తీస్తే రబ్బరులో కలిపిన ఈ రసాయనం బయటపడింది. కార్మికుల చేతులు పాడుచేసినదే తర్వాత మందయింది.

సినిమా దగ్గరికి వస్తే, యమదొంగలో నటించిన మమతా మోహన్‌దాస్ మనకు తెలిసిన మనిషే. తెలుగులో పాటలూ పాడింది. క్యాన్సర్‌తో పోరాడిన ఆమె 2023 జనవరిలో తనకు రంగు పోతోందని ఇన్‌స్టాగ్రామ్‌లో తనే చెప్పుకుంది. హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన విజయ్ వర్మ, ఎంసీఏలో నానికి విలన్‌గా చేసిన నటుడు, తనకు విటిలిగో ఉందని దాచలేదు. బయట కార్యక్రమాలకు మేకప్ లేకుండానే వెళతాడు. సినిమాల్లో మాత్రం కప్పుకుంటాడు. ప్రేక్షకుల చూపు పాత్ర మీద కాకుండా మచ్చ మీద పడుతుందన్నది ఆయన చెప్పే కారణం. నటుడిగా ఆయన భయం న్యాయమైనదే. తెర మీద పోలీసుకో, బ్యాంకు గుమాస్తాకో బొల్లి ఉంటే, కథలో దానికేదో అర్థం ఉండి తీరాలని మనం ఎదురుచూస్తాం. ఏ అర్థమూ లేకుండా ఊరికే ఉండే హక్కు ఆ మచ్చకు మనమే ఇవ్వలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మచ్చలు అందమే అయితే మందు ఎందుకు, మందు వాడితే తనను తాను ఒప్పుకోనట్టేనా అని కొందరు వాదిస్తారు. ఈ వాదన నాకు నచ్చదు. విన్నీ తన చర్మంతో హాయిగా ఉండడం ఆమె ఇష్టం, చికిత్స కోరుకోవడం ఇంకొకరి ఇష్టం. చికిత్స విషయంలో ఇప్పుడు చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది కూడా. 2022 జులైలో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ రుక్సోలిటినిబ్ క్రీముకు అనుమతి ఇచ్చింది. టీ కణాలకు దాడి చేయమని వెళ్లే సందేశాన్ని అది మధ్యలోనే అడ్డుకుంటుంది. పరీక్షల్లో 24 వారాలకు ముఖం మీది మచ్చలు 75 శాతం, అంతకు మించి తగ్గినవాళ్లు దాదాపు 30 శాతం, ఏడాదికి సగం మంది దాకా. ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది, అక్కడ ఒక ట్యూబు 2,000 డాలర్ల దగ్గర మొదలైంది. మన ఊళ్లలో స్కిన్ డాక్టర్లు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, దాంతోపాటు పైపూత మందులు. వెనకటి కాలంలో బావంచాలు నూరి పట్టించి ఎండలో కూర్చోబెట్టేవారు. ఆ గింజల్లో చర్మాన్ని వెలుతురుకు సున్నితం చేసే సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, ఆధునిక కాంతి చికిత్సలో చాలాకాలం వాడింది దాన్నే. మోతాదు తెలియకుండా ఇంట్లో పట్టిస్తే బొబ్బలెక్కుతుంది కాబట్టి సొంత ప్రయోగాలు వద్దు.

రంగు తిరిగి వచ్చే తీరు చూడముచ్చటగా ఉంటుంది. తెల్ల మచ్చ మధ్యలో ముందు గసగసాలంత గోధుమరంగు చుక్కలు వస్తాయి, ఒక్కో వెంట్రుక మొదలు చుట్టూ ఒక్కోటి. వెంట్రుకల కుదుళ్లలో దాక్కుని బతికిపోయిన కణాలు పైకి పాకి వస్తున్నాయన్నమాట. ముఖం మీద బాగా వస్తుంది. వేళ్ల చివర, పెదవుల మీద వెంట్రుకలు ఉండవు గనక అక్కడ కష్టం. మచ్చ కొత్తగా, చిన్నగా ఉన్నప్పుడే వెళితే ఫలితం ఎక్కువ. మన దగ్గర మాత్రం ముందు పూజారి, తర్వాత పసరు మందు, ఆ తర్వాత పులుపు మానేయడం, అన్నీ అయ్యాక డాక్టరు.

ర్యాంప్ మీద వచ్చిన మార్పు ఉద్యోగాల దాకా వచ్చిందా అని ఎవరైనా అడిగితే, సైనిక అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) నోటిఫికేషన్ వెనక ఇచ్చే వైద్య ప్రమాణాలు తీసి చూపించవచ్చు. బట్టల చాటున ఒక పరిమితమైన చోట మచ్చ ఉంటే పరిశీలించవచ్చట. బయటికి కనిపించే భాగాల్లో ఉంటే, కొద్దిగా ఉన్నా సరే, తీసుకోకూడదని ఉంటుంది. పరుగుకీ, గురికీ, విమానం నడపడానికీ మోచేతి మీద మచ్చ ఎలా అడ్డమో అందులో రాయలేదు.